ఒకే గడ్డికి రెండు రంగులు

చేను గట్టు,
గోనెపట్టా మీద కూర్చుని

ఏకంగా ఆకాశం మీద నుంచే మమ్మల్ని కనిపెట్టి చూస్తున్న మా ఆడపడుచు గారికి,

నీ వదిన రాస్తున్నది. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం, చేనే బాగోలేదు. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో పక్క నీ పని చేసుకుంటావని నాకు తెలుసు. ఉత్తరమైతే చదివి తీరాలి. పైగా మన ఊరి బస్సు డ్రైవరు పొద్దున తీసుకెళ్ళి మధ్యాహ్నానికల్లా మీ ఆఫీసు గేటు దగ్గర ఇచ్చేస్తానన్నాడు. "ఏముంది వదినా ఇందులో, ఇంత బరువుగా ఉంది?" అని అడిగాడు. "తిట్లు. నిలువుగా పట్టుకో, ఒలికిపోతాయి" అన్నాను.

సంగతి ఇది. మొదటి వానకే జొన్న వేశాం. మొలిచింది, మోకాలి ఎత్తు వచ్చింది. తర్వాత వాన మన ఊరి దారి మరిచిపోయింది. జొన్న నిలబడ్డ చోటే ఎండిపోయింది. అంతా అయిపోయాక రెండు వారాల కిందట దబదబా ఒక వాన కురిసింది. చచ్చిన జొన్న లేవలేదు గానీ, కలుపు మాత్రం ఎక్కడ దాక్కుందో, పిలిచినట్టే లేచి కూర్చుంది. ఇప్పుడు చేను నవనవలాడుతోంది. గింజ ఇచ్చే మొక్క ఒక్కటి లేదు.

నిన్న ఊరి ఆఫీసు గోడకి మీ వాళ్ళ పటం అంటించారు. పంట పోయిన ఊళ్ళు మట్టి రంగు, నిలిచిన ఊళ్ళు ఆకుపచ్చ. మట్టి రంగు ఊళ్ళకి తొందరగా చేతికొచ్చే పెసర విత్తనం ఇస్తారట, మళ్ళీ విత్తుకోమని. మన ఊరు చిలక కూడా సిగ్గుపడేంత పచ్చగా ఉంది. మీ అన్నయ్య ఆ పటం ముందు చాలాసేపు నిలబడి, "మన ఊరు బాగుందే" అన్నాడు. ఈ మనిషికి నన్నెలా కట్టబెట్టారో మీ వాళ్ళు!

మీ ఉపగ్రహానికి కళ్ళజోడు కొనిపెట్టేవాళ్ళు లేరా? నేలలో పదును ఉండగానే ఆ విత్తనం పడాలి. ఆ తడి ఆరిందంటే ఈ ఏడు మన గాదెలో ఎలుక కూడా కాపురం ఉండదు. ఊరంతటిదీ ఇదే గతి. నువ్వు ఆ రంగులు వేసే గదిలోనే కదా కూర్చునేది. కాస్త బ్రష్షు ఇటు తిప్పు.

నీ వదిన

*

మ్యాపుల గది, ఐదో అంతస్తు

వదినా,

నీ తిట్లు ఒక్క చుక్క కూడా ఒలక్కుండా అందాయి. గేటు దగ్గర గార్డు నన్ను చూసి నవ్వాడంటే డ్రైవరు అతనికి చెప్పే ఉంటాడు.

ఇక్కడ బ్రష్షులూ రంగు డబ్బాలూ ఉండవు. ఉపగ్రహం మన మీదుగా కొన్ని రోజులకోసారి వెళ్తుంది. దానికి మొక్క కనబడదు, ఆకు కనబడదు. మన వంటిల్లూ పెరడూ కలిపినంత నేల దానికి ఒక్క చుక్క. బతికున్న ఆకు ఎండలోంచి ఒకరకం వెలుగుని వెనక్కి తిప్పి పంపుతుంది. మన కంటికి తెలియదు గానీ దానికి తెలుస్తుంది. ఆ వెలుగు ఎక్కువుంటే పచ్చ, తక్కువుంటే మట్టి. అది జొన్న ఆకా, గడ్డి ఆకా అన్నది మాత్రం తేలిగ్గా తేలదు. అందుకే నేల మీంచి ఫోటోలు కూడా అడుగుతాం. రైతులందరి ఫోన్లలో ఒక యాప్ వేయించాం, గుర్తుందా?

మన ఊరి నుంచి ఏం వచ్చాయో చెప్పనా? ఒకటి మేక ముక్కు, చాలా దగ్గర్నుంచి. ఇంకొకటి పిట్టల్ని బెదిరించే గడ్డిబొమ్మ, దానికి మా అన్నయ్య గీతల చొక్కా, కింద "ఆదర్శ రైతు" అని రాసి ఉంది. మూడోదాంట్లో అన్నయ్య మంచం మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. "పంట పరిస్థితి" అన్నచోట "పడిపోయింది" అని నొక్కారు. ఇలాంటివే ఇంకో పాతిక. ఆఫీసంతా వారం రోజులు నవ్వుకున్నారు. తర్వాత మన ఊరి ఫోటోలన్నీ నమ్మదగినవి కావని తీసి పక్కన పెట్టేశారు.

వదినా, ఆ చొక్కా నాకు తెలుసు. నేను కొనిచ్చిందే.

ఇంక నేను చేయగలిగింది ఏమీ లేదు. అన్నయ్య ఆరోగ్యం జాగ్రత్త.

నీ మరదలు

*

ఇంటి వెనక, అంట్లు తోముకుంటూ
(మరకలు సబ్బునీళ్ళవి, కన్నీళ్ళవి కావు)

మరదలు పిల్లా,

అవును, నేనే. నీ దగ్గర దాపరికమెందుకు? ఆ యాప్ రోజూ పొద్దున్నే ట్రింగుమని, "మీ పంట ఎలా ఉంది?" అని ఒక నవ్వు మొహం పెట్టి అడిగేది. ఎండిపోయిన చేలో నిలబడ్డ మనిషిని నవ్వు మొహంతో పలకరిస్తే ఒళ్ళు మండదూ? మండింది. మేక పక్కనే ఉంది. దాని ముక్కు తీసి పంపాను. ఎవరూ తిట్టలేదు. ఇదేదో బాగుందని వీధి వీధికీ నేర్పించాను. అవతల పక్క మనుషులు కూర్చుని చూస్తారని నాకేం తెలుసు! యంత్రం అడుగుతోంది, యంత్రానికి చెబుతున్నాం అనుకున్నాను.

నీ ఉత్తరం చదివి ఎదురింటి రేడియోకి చెప్పాను. ఆవిడని రేడియో అని ఎందుకంటామో నీకు తెలుసు కదా, ఆపడానికి మీట ఉండదు. సాయంత్రానికి ఊరంతా మన గుమ్మంలో ఉంది.

"అయితే మనకి విత్తనం రాకపోవడం నీ ముక్కు వల్లేనా?" అంది ట్రాక్టరాయన భార్య.

"నా ముక్కు కాదే, మేక ముక్కు."

"రెండూ ఒకటే. అయిందానికీ కానిదానికీ దూరుతుంది!"

నేనూ నవ్వేశాను గానీ, ఆవిడ నవ్వలేదు. పిల్లలకి పొద్దున పెట్టే జావ ఇప్పటికే పలచన చేసిందట. వాళ్ళింట్లో తినే నోళ్ళు ఎక్కువ.

ఒక్క మాట అడుగుతాను, సూటిగా చెప్పు. వాగు అవతలి ఊరు ఉంది చూశావా, మన ఊరికి కూతవేటు దూరం. అక్కడా అదే వాన, అదే ఎండ, అదే గడ్డి. ఆ గడ్డి విత్తనాలు వాగు దాటి వచ్చే మన చేలో పడతాయి. వాళ్ళ ఊరు పటంలో మట్టి రంగు. రేపో మాపో వాళ్ళకి విత్తనం బస్తాలు దిగుతాయి. ఫోటోలు పంపని బద్ధకస్తులు వాళ్ళు, ఒక్కటంటే ఒక్కటి పంపలేదట. మరి మీ ఉపగ్రహం వాగు దాటగానే కళ్ళు తుడుచుకుందా?

నీ వదిన

*

ఆఫీసు

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. పటం మీద అభ్యంతరాలు ఏవైనా ఉంటే ఊరి ఆఫీసు ద్వారా రాతపూర్వకంగా పంపండి. పరిశీలిస్తారు. ఒక్కో ఊరి గురించి విడిగా జవాబివ్వడం నాకు వీలు కాదు.

పని ఒత్తిడి ఎక్కువగా ఉంది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయలేకపోవచ్చు.

ఇట్లు,
మీ మరదలు

*

వంటిల్లు, పొయ్యి ముందు

పిల్లా,

నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు రెండు జడలేసుకుని బడికి వెళ్ళేదానివి. అప్పట్నుంచీ నన్ను "మీరు" అన్నది ఒకే ఒక్కసారి, నా అద్దం పగలగొట్టి మంచం కింద దాచిన రోజు. ఇప్పుడు ఉత్తరం నిండా "మీరు"లు పోశావు. ఏం పగిలింది?

చెప్పకపోతే మానెయ్. నా సంగతి చెబుతాను, ఇందులో వెటకారం వెతక్కు, లేదు.

మీ అన్నయ్య పొద్దున లేవగానే మొహం కూడా కడుక్కోకుండా చేలోకి వెళ్ళి, నేలలోకి వేలు గుచ్చి చూస్తున్నాడు. తడి వేలి మొదటి గీత కింద ఉండేది. ఇప్పుడు వేలు మొత్తం దూర్చితేగానీ తగలడం లేదు. తిరిగొచ్చి ఆ వేలు తుడుచుకోకుండా అలాగే అన్నం ముందు కూర్చుంటాడు. నన్ను తిట్టినా బాగుండేది.

మొన్న ఆడవాళ్ళందరినీ పోగేశాను. మళ్ళీ ఫోటోలు తీద్దాం, ఈసారి బుద్ధిగా అన్నాను. ఎవరూ కదల్లేదు. "నువ్వు ఫోన్ పట్టుకోనంటేనే వస్తాం" అంది రేడియో. సరే, ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చాను. ఒక్కొక్కరం మా మా చేలలో నిలబడి, కాళ్ళ దగ్గర్నుంచే ఒక గుప్పెడు పీకాం. ఒక చేతిలో ఎండిన జొన్న దంటు, ఇంకో చేతిలో పచ్చగడ్డి, వెనకాల చేను. ట్రాక్టరాయన భార్యతో, "కాస్త దిగులుగా మొహం పెట్టు, నమ్ముతారు" అన్నాను. "నాకు పుట్టుకతో ఉన్నదే ఇది, కొత్తగా పెట్టేదేముంది" అంది. అప్పుడు నవ్వింది. ఆ ఫోటో పాడైంది, మళ్ళీ తీయాల్సి వచ్చింది.

తీరా పంపబోతే యాప్ "గడువు ముగిసింది" అంటోంది, అదే నవ్వు మొహంతో. అందుకే ఫోటోల దుకాణంలో కాగితం మీద వేయించి, వెనక చేను నంబర్లు రాసి ఈ ఉత్తరంతో పాటు పెడుతున్నాను. నువ్వు ఏమీ చేయొద్దు. చూడు, చాలు. ఒక్కో మొహమూ చూడు. నీకు తెలియని వాళ్ళు ఇందులో ఎవరూ లేరు.

వదిన

*

నా గది

వదినా,

చూశాను. మొహాలు చూశాక ఆఫీసుకి వెళ్ళలేక సెలవు పెట్టాను.

నువ్వడిగిన వాగు సంగతి చెబుతాను. ఉపగ్రహం బొమ్మలన్నీ ముందు కంప్యూటరు చూసి విడగొడుతుంది. అది తేల్చుకోలేని చుక్కలు మనుషుల దగ్గరికి వస్తాయి. మన వైపు ఊళ్ళన్నీ నా బల్ల మీదికే వస్తాయి. వాగు అవతలి ఊరు వచ్చినప్పుడు చూశాను. జొన్న అయితే మెల్లగా పచ్చబడుతుంది, ఇది వాన పడ్డ వెంటనే ఒక్కసారిగా పచ్చబడింది, కాబట్టి కలుపే అనుకున్నాను. మట్టి రంగు ఇచ్చాను.

తర్వాత మన ఊరు వచ్చింది. అచ్చం అదే తీరు. కానీ గదిలో అందరికీ తెలుసు అది నా ఊరని. పోయినేడు మా దగ్గర ఒకాయన తన అత్తగారి ఊరికి రంగు మార్చాడని పుకారు పుట్టింది. నిజమో కాదో ఎవరికీ తెలియదు. టీ తాగే చోట ఆయన రాగానే మాటలు ఆగిపోయేవి. చివరికి ఆయనే వేరే చోటికి బదిలీ పెట్టించుకున్నాడు. నాకు అదే గుర్తొచ్చింది. అనుమానం ఉన్న ప్రతి చుక్కకీ, "ఏమో, జొన్నే అయి ఉండొచ్చు" అనుకుంటూ పచ్చ నొక్కుతూ పోయాను. మీ ఫోటోలు పక్కన పెట్టేశారని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఇంక నన్ను అడిగేవాళ్ళు లేరు కదా అని.

ఒకే గడ్డికి రెండు రంగులు వేశాను వదినా. మేక ముక్కు వల్ల కాదు.

ఇప్పుడు నేనే వెళ్ళి మారుస్తానంటే, చూశారా, సొంత ఊరి కోసం దిద్దింది అంటారు. దిద్దకపోతే ఆ ఫోటోల్లో మొహాలు. ఏం చేయాలో తోచడం లేదు. అన్నయ్యకి చెప్పకు.

నేను

*

అరుగు మీద

పిల్లా,

ముందు అన్నం తిను. ఖాళీ కడుపుతో ఏడిస్తే ఎక్కిళ్ళు వస్తాయి.

కోపం వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. ఉత్తరం మడిచి, విప్పి, మళ్ళీ మడిచాను. ట్రాక్టరాయన భార్య వీధిలో పోతుంటే తల తిప్పుకున్నాను. ఆ తర్వాత ఆలోచిస్తే, నువ్వు మన వాళ్ళకి ఎక్కువ పెట్టి పట్టుబడ్డా నాకు కోపమే వచ్చేది. నీకు అటూ దారి లేదు, ఇటూ దారి లేదు. సరే, ఇప్పుడు నా మాట విను. దొంగబుద్ధి విషయంలో మీ ఆఫీసు మొత్తం కంటే నాకు అనుభవం ఎక్కువ.

నువ్వు పోయినసారి టీ పొడి పంపావు, గుర్తుందా? మీ అన్నయ్య ఒకటే మురిసిపోయాడు. "మా చెల్లి పొడి రుచే వేరు, నీ అంగడి పొడి మట్టి నీళ్ళు" అని పదిమందిలో అన్నాడు. మర్నాడు నా మట్టి నీళ్ళనే రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చాను. ఇది నీ చెల్లిది, ఇది నాది అని చూపించాను. తాగి, "చూశావా తేడా!" అన్నాడు. ఆ మర్నాడు ఏది ఎవరిదో చెప్పకుండా ఇచ్చాను. గ్లాసులు మార్చి మార్చి తాగి, చివరికి తల గోక్కుని, "రెండూ ఒకటే కదే?" అన్నాడు. పేరు చెబితే నాలుక పేరునే తాగుతుంది. పేరు తీసేస్తే టీ తాగుతుంది.

నువ్వూ అదే చెయ్. మన ఊరి చుక్కలూ వాగు అవతలి చుక్కలూ కలిపెయ్, ఊళ్ళ పేర్లు తీసెయ్. మీ గదిలో నువ్వంటే పడని వాళ్ళుంటే మరీ మంచిది, వాళ్ళ చేతికే ఇప్పించు. నువ్వు ముట్టుకోకు. వాళ్ళు ఏ రంగు అంటే ఆ రంగు.

కానీ ముందు మీ పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పు. ఇది నా చాటుమాటు వేషాల్లో చేరదు. చాటుగా చేశావంటే నిజం కూడా నా మేక ఫోటోలా అయిపోతుంది. ఏమైనా అంటారు, అననీ. నన్ను రోజూ అంటున్నారు, చూడు, నిక్షేపంగా ఉన్నాను.

తొందరగా. తడి వేలికి అందటం లేదంటున్నాడు మీ అన్నయ్య.

నీ వదిన

*

మ్యాపుల గది (ఇంకో రెండు రోజులే)

వదినా,

పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. మొత్తం చెప్పాను, అత్తగారి ఊరాయన సంగతి కూడా. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "సొంత ఊరికి ఎక్కువ వేసిన వాళ్ళని చూశాను, తక్కువ వేసి వచ్చి చెప్పినదాన్ని నిన్నే చూస్తున్నా" అంది. అది మెప్పు కాదు. తర్వాత చాలా అంది.

నీ టీ గ్లాసుల కథ కూడా చెప్పాల్సి వచ్చింది, పేర్లు తీసేద్దామన్న ఆలోచన ఎవరిదని అడిగారు మరి. "మేక ముక్కు ఆవిడేనా?" అన్నారు. నువ్వు ఇక్కడ బాగానే ప్రసిద్ధి.

రెండు ఊళ్ళ చుక్కలూ కలిపి, పేర్లు లేకుండా, ముగ్గురికి విడివిడిగా ఇచ్చారు. నన్ను గది బయట కూర్చోబెట్టారు. ముగ్గురూ దాదాపు అన్నిటికీ కలుపు అనే రాశారు. ఇటు ఊరు అటు ఊరు అన్న తేడా రాలేదు. ఆ తర్వాత మేడమ్ మీ కాగితం ఫోటోలు బల్ల మీద పరిచి, చేను నంబర్లతో ఒక్కొక్కటీ సరిచూసింది. ట్రాక్టరాయన భార్య మొహం దగ్గర ఆగి, "ఈవిడ నవ్వు ఆపుకుంటున్నట్టుంది" అంది. నేను తర్వాతి ఫోటో ముందుకు జరిపాను.

మన ఊరు మట్టి రంగుకి మారింది. విత్తనం లారీ బయల్దేరింది. నీ చేతికి ఈ ఉత్తరం అందేలోపే రావచ్చు.

ఇక మీదట ఎవరి సొంత ఊరు వాళ్ళ బల్ల మీదికి రాకూడదని ఆర్డరు వేశారు. నన్ను ఈ గది నుంచి తీసేసి, రైతులు పంపే ఫోటోలు చూసే విభాగంలో వేశారు. ఇకపై మేక ముక్కులు నా దగ్గరికే వస్తాయి.

నాకు నిద్ర పడుతోంది ఇప్పుడు. కానీ ఆలస్యం చేశాను వదినా. వాగు అవతల విత్తేశారని విన్నాను. మనకి తడి మిగిలిందా? ఊళ్ళో వాళ్ళకి నేనే వచ్చి చెబుతాను, ఇలా జరిగిందని.

మరదలు

*

చేను గట్టు

మా ఫోటోల ఆఫీసరు గారికి,

లారీ వచ్చింది. ఊరంతా పొద్దుగూకే దాకా దించుకున్నారు. మరుసటి రోజే దున్ని విత్తాం. కలుపు మొక్కలన్నీ నేలలో కలిసిపోయాయి. మేక ఒక్కటే బాధపడింది.

అడిగావు కాబట్టి చెబుతాను. చేనంతా పడలేదు. కింది సగంలో తడి ఉంది, అక్కడ విత్తాం. మెరక మీద సగం ఆరిపోయింది. విత్తనం వృథా చేయొద్దని మీ అన్నయ్య గొర్రు అక్కడే ఆపేశాడు. ఊళ్ళో చాలామందిదీ ఇంతే. సగం కడుపైనా సొంత గింజతో నిండుతుంది. మిగతా సగానికి కూలికి పోతాం, కాళ్ళూ చేతులూ ఉన్నాయి. ట్రాక్టరాయన చేను పూర్తిగా పల్లంలో ఉంది కాబట్టి వాళ్ళకి మొత్తం పడింది. నాకు అదే పెద్ద సంతోషం. జావ చిక్కబడుతుంది.

ఆలస్యానికి ఊరంతా నన్నే తిడుతోంది. తిట్టనీ. నా మేక చేసిన పనికి నేను పడాల్సింది ఎలాగూ ఉంది. నీ వంతు కూడా అందులోనే కలిసి పోతోంది, ఎవరికీ తేడా తెలియదు. నువ్వు వచ్చి చెబుతానంటే ఆపను. పక్కన నిలబడతాను. తిట్టేవాళ్ళు ముందు నన్ను దాటుకుని రావాలి.

మీ అన్నయ్యకి చెప్పొద్దన్నావు, చెప్పలేదు. విత్తి వచ్చిన రోజు సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ తనే అన్నాడు, "చెల్లి ఎలా ఉంది? పాపం, బాగా నలిగిపోయి ఉంటుంది" అని.

"ఎందుకు నలగడం?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

"పటం చూసిన రోజే అనుకున్నాను. అవతలి ఊరికి ఇచ్చి మనకి ఇవ్వలేదంటే, అది మా చెల్లి చేతి పనే. చిన్నప్పుడు జామకాయ కోసి పంచమంటే పక్కింటి పిల్లలకి పెద్ద ముక్కలిచ్చేది. నాకు చిన్న ముక్క. తనకి కాడ దగ్గరి ముచ్చిక."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"అంటే నువ్వు దాన్ని తిడతావని."

చూశావా! నేను అమాయకుడనుకున్న మనిషి. ఇద్దరం ఇన్నాళ్ళూ ఒకరి దగ్గర ఒకరం నిన్ను దాచుకుంటూ తిరిగాం.

పెసర మొలిచింది. కాయ కోతకి రా, సెలవు పెట్టి రా. ఎంత పనైనా చేద్దువుగాని. పంపకం దగ్గరికి మాత్రం నిన్ను రానివ్వను.

నీ వదిన